మంద్రం పలికించే పెట్టె

చిక్కడపల్లి వాళ్లకు సినిమా హాలు మోత కొత్త కాదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య, సుదర్శన్, దేవి నడిచి వెళ్లేంత దూరం. పెద్ద హాళ్లలో తెర వెనక సాధారణంగా 18 అంగుళాల ఊఫర్లు ఉంటాయి; పేలుడు సీను వస్తే కుర్చీ అదురుతుంది. అక్కడ చోటుకు కొదవ లేదు. అదే అదురు అశోక్ నగర్ అపార్ట్‌మెంటు హాల్లో, సోఫా పక్కన ఒదిగిన అడుగున్నర పెట్టెలోంచి రావాలంటే పనితనం కావాలి. పవర్డ్ సబ్ ఊఫర్‌లో నాకు నచ్చేది అదే.

చిక్కంతా గాలితోనే. 20 హెర్ట్జ్ దగ్గర ఒక్క తరంగం పొడవు 17 మీటర్లు. ఒక స్థాయి కిందికి దిగడమంటే హెర్ట్జ్ సగం కావడం. దిగినా గట్టిదనం తగ్గకూడదంటే కోన్ నాలుగింతలు కదలాలి. 40 హెర్ట్జ్ దగ్గర 5 మిల్లీమీటర్లు ఊగిన కోన్ 20 దగ్గర 20 మిల్లీమీటర్లు ఊగాలి. అందుకే మంచి సబ్ ఊఫర్ అంచున రబ్బరు అంత లావుగా ఉబ్బి ఉంటుంది; అది సోకు కాదు. లోపల వాయిస్ కాయిల్ పొడుగ్గా ఉండేదీ అందుకే. కోన్ ఎంత దూరం పోయినా అయస్కాంతం పట్టు సడలకూడదు.

కోన్ బరువుగా ఉండటమూ కావాలని చేసిందే. త్యాగరాయ గానసభలో కచేరీకి ముందు మృదంగ విద్వాంసుడు ఎడమ వైపు మూతకు రవ్వ ముద్ద అద్దడం చూసే ఉంటారు. తోలు బరువెక్కితే నాదం కిందికి దిగుతుంది. ఇక్కడా అదే సూత్రం, కాకపోతే బరువైన కోన్‌ను ఊపడానికి కరెంటు ఎక్కువ పడుతుంది.

ఇక పెట్టె. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడి, చిన్న పెట్టెతో లోతైన ధ్వని రాబట్టాడు. అయితే మూసిన పెట్టెకు ఒక సహజ ఫ్రీక్వెన్సీ ఉంటుంది. దాని కిందికి పోతే ధ్వని జారిపోతుంది; ఇంకో స్థాయి కింద నిలబెట్టాలంటే పవర్ 16 రెట్లు పోయాలి. గొట్టం ఉన్న పెట్టెది వేరే దారి. గొట్టంలోని గాలీ పెట్టెలోని గాలీ ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర కలిసి ఊగుతాయి. అక్కడ కోన్ దాదాపు కదలదు, మోతంతా గొట్టానిదే. దీని లెక్కను ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లో కట్టాడు, 1970ల్లో రిచర్డ్ స్మాల్ విస్తరించాడు. ఆ లెక్క చూడకుండా కోసిన గొట్టం పాట ఏదైనా ఒకే స్వరం బుంయ్‌మంటుంది.

అన్నిటికంటే ముచ్చటేసేది వెనక పలకకు బిగించిన ఆంప్లిఫయర్. విడిగా కొన్న ఆంప్లిఫయర్‌కు తన ఎదుట ఏ స్పీకరుందో తెలియదు. దీనికి తన కోన్ గుణమూ తన పెట్టె కొలతా తెలుసు. ధ్వని జారే చోట ముందే పెంచి పంపుతుంది. కోన్ హద్దు దాటబోతే లిమిటర్ ఆపుతుంది. గొట్టం పెట్టెలో మరీ కింది ధ్వనిని వడగట్టేస్తుంది. ఎందుకంటే అక్కడ కోన్‌ను నిలవరించే గాలి పట్టు ఉండదు. క్లాస్-డి సర్క్యూట్లు వచ్చాక వేడి తగ్గింది, వందల వాట్లు చిన్న పలకలో ఇమిడిపోయాయి. డబ్బా మీద వేలల్లో పీఎంపీవో వాట్లు అచ్చేసుకున్న చవక సెట్లలో ఈ తెలివి వెతకడం దండగ.

ఇంత చేసినా చివరి మాట గదిదే. గోడకూ గోడకూ మధ్య 15 అడుగులుంటే 38 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తానే మోగుతుంది. గోడ దగ్గర అదిరిపోయే స్వరం గది నడుమ మాయమవుతుంది. మన ఇటుక, కాంక్రీటు గోడలు మంద్రాన్ని లోపలికే తిప్పికొడతాయి కాబట్టి ఈ తేడా బాగా తెలుస్తుంది. అందుకని సబ్ ఊఫర్‌ను ముందు మీరు కూర్చునే చోట పెట్టి మోగించండి. గోడల వెంట వంగి నడుస్తూ, బాస్ ఎక్కడ సమంగా వినిపిస్తే అక్కడికి దాన్ని మార్చండి. సబ్ ఊఫర్‌కూ మిగతా స్పీకర్లకూ ధ్వనిని పంచే హద్దును, అంటే క్రాసోవర్‌ను, 80 హెర్ట్జ్ దగ్గర ఉంచితే మోత ఏ మూల నుంచి వస్తోందో చెవికి దొరకదు. రాత్రి పది దాటాక మాత్రం తగ్గించండి. అశోక్ నగర్‌లో పై అంతస్తులో ఎవరో ఒకరు గ్రూప్-1కి చదువుకుంటూనే ఉంటారు.