కొండవేటలో తేలిక పడక: డౌన్ స్లీపింగ్ బ్యాగ్ ఎంపిక

అమెరికా పశ్చిమ రాష్ట్రాల రాకీ పర్వతాలలో ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడేవారిలో ఒక వర్గం, రోడ్డుకు మైళ్ళ దూరాన అడవి లోపల నాలుగైదు రాత్రులు మకాం వేసి, అందుకు కావలసిన తిండీ గుడారమూ పడకా అన్నీ వీపున మోసుకుపోయే పద్ధతిని పాటిస్తుంది. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద రక్షణ పొందిన అరణ్యాలలోకి మోటారు వాహనాలకు ప్రవేశం లేదు కనుక, కొలరాడోలోని వెమినూచీలోనైనా, మోంటానాలోని బాబ్ మార్షల్‌లోనైనా లైసెన్సు పొందిన వేటగాడు కాళ్ళనో గుర్రాలనో నమ్ముకోక తప్పదు. ఇలాంటి వేటలో నిద్రసామగ్రికి ఇచ్చే ప్రాధాన్యం కేవలం సౌకర్యం కోసం కాదు. చలికి నిద్రపట్టక తెల్లవార్లూ వణికినవాడు మర్నాడు కొండ ఎక్కలేడు, ఎక్కినా చేతులు నిలకడగా ఉండవు.

కొలరాడోలో విల్లువేట సెప్టెంబరులోనూ, తుపాకీ వేట ప్రధానంగా అక్టోబరు, నవంబరు నెలల్లోనూ సాగుతుంది. మకాం తరచుగా 3,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది, దానికి తోడు రాత్రివేళ బరువెక్కిన చల్లగాలి లోయల్లోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. వేటగాడు చీకటితోనే లేచి చెమటోడ్చి గట్టెక్కి, బైనాక్యులర్ పట్టుకుని గంటల తరబడి కదలకుండా కూర్చుని, మళ్ళీ చీకటి పడ్డాకే మకాం చేరతాడు కాబట్టి, సాధారణ పాదచారి కంటే ఎక్కువ అలసటతో, ఎక్కువ తడితో పడక చేరతాడు. వేట ఫలిస్తే ఎదిగిన మగ ఎల్క్ నుంచి ఎముకలు తీసిన మాంసమే 80 కిలోలకు పైగా రావచ్చు, దానిని పలు విడతలుగా రోడ్డుదాకా మోయాలి. మూటలో ప్రతి గ్రామునూ లెక్కపెట్టే అలవాటు ఈ బరువు భయం నుంచే పుట్టింది.

ఆ లెక్కలో డౌన్‌కు సాటివచ్చే పదార్థం ఇంకా రాలేదు. డౌన్ అంటే బాతుల, గూస్ అనే పెద్దబాతుల రొమ్ముభాగంలో పై ఈకల అడుగున ఉండే నూగు. ఒక్క నూగుగుత్తిని వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, మామూలు ఈకకు ఉండే గట్టి కాడ కనిపించదు. ఒకే బిందువు నుంచి అన్ని వైపులకూ సన్నని పోగులు విచ్చుకుని ఉంటాయి, ప్రతి పోగుకూ మరింత సన్నని పీచులు ఉంటాయి. వాటి నడుమ చిక్కుకున్న గాలి కదలలేదు, కదలని గాలి వేడిని బయటికి పోనివ్వదు. అంటే వెచ్చదనాన్నిచ్చేది నూగు బంధించి ఉంచిన గాలే. వేడి పుట్టేది పడుకున్న మనిషి ఒంట్లోనే. అణిగిన దూదిని ఏకించి నింపిన పరుపు మళ్ళీ వెచ్చబడినట్టే, డౌన్ సంచీ కూడా ఎంత ఉబ్బితే అంత వెచ్చగా ఉంటుంది.

ఈ గుణాన్ని పర్వతారోహకులూ వేటగాళ్ళూ దాదాపు ఒకే కాలంలో వినియోగానికి తెచ్చారు. 1922లో ఎవరెస్టుపైకి వెళ్ళిన బ్రిటిష్ యాత్రలో జార్జ్ ఫించ్ బెలూన్ బట్టలో నూగు నింపి కుట్టించిన కోటు వేసుకున్నాడు. వేట, చేపల వేట రెండింటా ఆసక్తి ఉన్న సియాటిల్ వ్యాపారి ఎడ్డీ బాయర్ 1936లో డౌన్ జాకెట్టును తయారుచేసి, గళ్ళుగళ్ళుగా కుట్టిన ఆ నిర్మాణానికి 1940లో పేటెంటు పొందాడు. నూగు ఒకచోటికి జారిపోకుండా అరలు కట్టాలన్న ఆ సూత్రమే నేటి స్లీపింగ్ బ్యాగులకూ ప్రాణం.

నాణ్యతను కొలిచే ప్రమాణాన్ని ఫిల్ పవర్ అంటారు. గాజుగొట్టంలో ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల నూగు వేసి, పైన నిర్ణీతమైన బరువు ఉంచినప్పుడు అది ఎన్ని ఘనపు అంగుళాల చోటు ఆక్రమిస్తుందో ఆ సంఖ్యే ఫిల్ పవర్. 850 ఫిల్ పవర్ ఉన్న నూగు ఒక్క గ్రాము దాదాపు అరలీటరు చోటు నింపుతుంది. అయితే ఈ సంఖ్య ఒక్కటే చూసి కొనేవారు మోసపోతారు, ఎందుకంటే ఇది నూగు గుణాన్ని చెబుతుందే తప్ప సంచీలో ఎంత నూగు నింపారో చెప్పదు. 850 రకం 350 గ్రాములు ఎంత చోటు నింపుతాయో, 550 రకం దాదాపు 540 గ్రాములు అంతే చోటు నింపుతాయి. రెండింటి ఉబ్బూ ఒకటే, తేడా అల్లా మోయవలసిన 190 గ్రాములూ, చెల్లించవలసిన ధరా. అందుచేత ఫిల్ పవర్‌ను, నింపిన నూగు బరువును పక్కపక్కన పెట్టుకుని చూడడమే సరైన పద్ధతి.

తరువాత చూడవలసింది కుట్టు. పైబట్టనూ లోపలిబట్టనూ నేరుగా కలిపి కుట్టేస్తే ఆ కుట్టు వెంట నూగు ఉండదు, అక్కడ చలి దూరుతుంది. చలికాలపు సంచీలో రెండు బట్టల మధ్య సన్నని జాలీబట్టతో గోడలు నిలిపి పెట్టెల్లాంటి అరలు చేస్తారు. దుకాణంలో సంచీని దీపానికి ఎదురుగా ఎత్తి పట్టుకుంటే నూగు పలచబడిన చోట్లు వెలుగుతూ కనిపిస్తాయి. భుజాల దగ్గర వెడల్పుగా, పాదాల దగ్గర ఇరుకుగా ఉండే మమ్మీ ఆకారం, తలకు టోపీ, మెడచుట్టూ నూగు పట్టీ, జిప్పు వెనక గాలి దూరకుండా నూగు గొట్టం ఉన్నాయో లేదో చూడాలి. సంచీ మరీ ఇరుకైతే లోపలి నుంచే నూగు నలిగిపోతుంది, మరీ వదులైతే ఖాళీ చోటును వేడెక్కించే భారం ఒంటి మీద పడుతుంది.

పైబట్ట సన్నదనాన్ని డెనియర్లలో చెబుతారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 10 డెనియర్ల నైలాన్ తేలికే, కానీ గుడారంలో చిన్న కట్టెలపొయ్యి వెలిగించుకునే అలవాటున్న వేటగాళ్ళకు అది పెద్ద చిక్కు తెస్తుంది, ఒక్క నిప్పురవ్వ పడినా చిల్లి పడుతుంది. అలాంటివారు 20 డెనియర్ల బట్ట కోసం కొద్ది గ్రాములు అదనంగా మోయడమే మేలు.

ఉష్ణోగ్రత అంకెలను అర్థం చేసుకోవడంలోనే ఎక్కువమంది పొరబడతారు. ఐఎస్ఓ 23537 ప్రమాణం ప్రకారం వేడెక్కించిన మనిషిబొమ్మను సంచీలో పడుకోబెట్టి పరీక్షించి, సాధారణ స్త్రీ హాయిగా నిద్రించగల ఉష్ణోగ్రతను కంఫర్ట్ అనీ, సాధారణ పురుషుడు ముడుచుకుని పడుకుని నెట్టుకురాగలదానిని లిమిట్ అనీ ప్రకటిస్తారు. ఎక్‌స్ట్రీమ్ అనే మూడో అంకె ప్రాణం నిలుపుకోవడానికి సంబంధించినదే కనుక కొనుగోలులో దానికి చోటు లేదు. సంచీ పేరులో తరచుగా ఉండేది లిమిట్ అంకె. కంఫర్ట్ దానికంటే చాలావరకు ఐదారు డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. అలసి, తక్కువ తిని పడుకునే వేటగాడు కంఫర్ట్‌నే ఆధారం చేసుకోవాలి.

శరీరం కింద నలిగిన నూగు పనిచేయదు కాబట్టి నేలచలిని ఆపే బాధ్యత అడుగున పరిచే ప్యాడ్‌ది. దాని నిరోధశక్తిని ఆర్-వాల్యూ అంటారు. మంచు పడే కాలానికి అది నాలుగుకు పైగా ఉండడం మంచిది, రెండు ప్యాడ్లు ఒకదానిమీద ఒకటి వేస్తే వాటి విలువలు కూడుకుంటాయి. వందల గ్రాములు ఆదా చేసిన ఖరీదైన సంచీ పలుచని ప్యాడ్ మీద వ్యర్థం.

డౌన్‌కు అసలు శత్రువు తడి. తడిసిన నూగు ముద్దకట్టి ఉబ్బు కోల్పోతుంది. నీటిని వికర్షించే పూతవేసిన నూగు కొంత ఆలస్యంగా తడుస్తుందే గాని తడవకుండా ఉండదు. చెమట బట్టలు మార్చుకుని పడుకోవడం, ముక్కూ నోరూ సంచీ బయటే ఉంచి శ్వాసలోని తేమ లోపలికి చేరకుండా చూడడం, మధ్యాహ్నం మకాంలో ఉంటే సంచీని తిరగేసి ఎండలో పరచడం అనుభవంతో పుట్టిన నియమాలు. నిరంతరం వాన కురిసే అలాస్కా తీరప్రాంతాల్లో అనేకులు బరువైనా కృత్రిమ పీచు సంచీలనే ఎంచుకుంటారు, అది తెలివైన ఎంపికే. పొడిగాలి వీచే రాకీలలో మాత్రం డౌన్‌దే పైచేయి.

ఇంట్లో సంచీని నొక్కి కట్టి ఉంచకూడదు, పెద్ద గుడ్డసంచీలో వదులుగా ఉంచాలి. మాసినప్పుడు డౌన్‌కు తగిన సబ్బుతో ఉతికి, డ్రయర్‌లో తక్కువ వేడి మీద టెన్నిస్ బంతులతో కలిపి, లోపలి ముద్దలన్నీ విడిపోయేదాకా ఆరబెట్టాలి. ఇలా చూసుకున్న సంచీ దశాబ్దానికి పైగా మన్నుతుంది. నూగు చాలావరకు మాంసపు పరిశ్రమ ఉపఉత్పత్తి. బ్రతికున్న పక్షుల నుంచి పీకలేదని హామీ కోరేవారు 2014లో వచ్చిన రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్ గుర్తు చూసి కొనవచ్చు.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది గాని, కేదార్‌కంఠకో లదాఖ్‌కో వెళ్ళే తెలుగు ట్రెక్కర్లకు కూడా ఈ లెక్కలన్నీ యథాతథంగా వర్తిస్తాయి. రాకీలలో సెప్టెంబరు వేటకు మైనస్ 7 డిగ్రీల లిమిట్, 800కు పైబడిన ఫిల్ పవర్, కిలోకు లోపు బరువు ఉన్న సంచీ చాలావరకు సరిపోతుంది. నవంబరుకు మైనస్ 15 కంటే దిగువ లిమిట్ ఉన్నది కావాలి, అది కిలోంపావు తూగినా మోయవలసిందే. బరువు తగ్గించుకోదలచినవారు ముందు మూటలోని మిగతా వస్తువులను ఏరివేయాలి, చివరిగా మాత్రమే నూగు మీద చెయ్యి వేయాలి.