ఆటలో కథ: ఎంపిక ఎవరిది?

వీడియో గేమ్‌ను కాలక్షేపపు సరుకుగా కొట్టిపారేయడం సులువు. దాన్ని తయారుచేయించేదీ అమ్మేదీ పెట్టుబడే. కాని సినిమా కూడా అలాగే పుట్టింది. కనుక అడగవలసిన ప్రశ్న వేరు. ఒంటరిగా ఆడే పాత్రధారణ ఆటల్లో కథ మనిషిని గంటల తరబడి ఎందుకు పట్టి నిలుపుతుంది?

'ఎంపిక స్వేచ్ఛ' వల్ల అని వాడుకలో ఉన్న జవాబు. ఇది సగం నిజం. వంద రకాల సబ్బుల్లో ఒకటి ఎంచుకోవడాన్ని కూడా బజారు స్వేచ్ఛ అనే అంటుంది. పర్యవసానం లేని ఎంపిక కథను అంగడిగా మారుస్తుంది.

ఎస్టోనియా రచయిత రాబర్ట్ కుర్విట్జ్ ప్రధాన రచయితగా 2019లో వచ్చిన 'డిస్కో ఎలిసియమ్'ను చూద్దాం. రెవషోల్ అనే కల్పిత నగరం. అక్కడి కమ్యూన్‌ను విదేశీ సంకీర్ణ సేనలు అణచివేసి దశాబ్దాలు గడిచాయి. ఇప్పుడు రేవులో సమ్మె. ఒక బస వెనుక చెట్టుకు వేలాడుతున్న శవం. దర్యాప్తుకు వచ్చిన పోలీసు తాగి తాగి తన పేరే మరచిపోయాడు.

ఈ మతిమరుపు చవకబారు ఎత్తుగడ కాదు. పాత్రకూ ఆడేవారికీ లోకం ఒకేసారి తెలుస్తుంది. తెలుసుకోవడమే కథా గమనం. తర్కం, సానుభూతి, అధికారం వంటి 24 గుణాలు అతని లోపల గొంతులై వాదులాడుకుంటాయి, తప్పుదారి కూడా పట్టిస్తాయి. సమాజంలోని ఘర్షణే మనిషి లోపలా సాగుతుందన్న సత్యాన్ని ఇక్కడ ఆట నియమమే చెబుతుంది. శిల్పం వస్తువులోంచి పుట్టడమంటే ఇదే.

పాచికలు ఎదురుతిరిగితే చాలాసార్లు కథ ఆగదు. అవమానాన్ని మోసుకుంటూ ముందుకు సాగుతుంది. బస బాకీ తీర్చడానికి ఆ పోలీసు సంచి పట్టుకుని ఖాళీ సీసాలు ఏరి అమ్ముకోవచ్చు. ఇలాంటి ఆటలు అనేకంలో రాక్షసుణ్ణి చంపితే బంగారం రాలుతుంది. ఇక్కడ రూకకు ఎంత నడవాలో ఆడేవారికి తెలిసివస్తుంది. పట్టు అక్కడుంది.

పరిమితులూ ఉన్నాయి. ఫాసిజాన్నీ కమ్యూనిజాన్నీ ఆట ఒకే వెటకారంతో పలకరిస్తుంది. చివరకు హంతకుడిగా తేలేది కమ్యూన్ సేనలో మిగిలిన ముసలి సైనికుడు. ఓటమి విషాదాన్ని ఆర్ద్రంగా చూపిన రచన, సమ్మెకారుల సమష్టి శక్తిని మాత్రం జిత్తులమారి యూనియన్ నాయకుడి నీడలో వదిలేసింది. ఇందులో రచయితల దృష్టితో పాటు రూపం పాత్ర కూడా ఉంది. ఒక్కరే ఆడే ఆటలో చరిత్ర ఒక్కడి నిర్ణయంగానే కనిపిస్తుంది.

2019 బహుమతి సభావేదిక మీద ఈ బృందం మార్క్స్, ఎంగెల్స్‌లకు కృతజ్ఞత చెప్పుకుంది. కుర్విట్జ్ తదితర ముఖ్య సృష్టికర్తలు ఇప్పుడు సంస్థలో లేరనీ, అది వారి ఇష్టంతో జరగలేదనీ ఒక సహచరుడు 2022లో ప్రకటించాడు. రాసిన చేయి ఒకరిది, హక్కు మరొకరిది.

కాబట్టి ఆటలోని కథను దారుల లెక్కతో తూచకూడదు. ప్రతి దారికీ ఎవరు మూల్యం చెల్లిస్తున్నారో అది చూపిందా లేదా అన్నదే గీటురాయి.