ప్రమాణాల మార్పిడి పాఠం: పట్టిక ముందా, కొలత ముందా?

ప్రాథమిక తరగతుల గణితంలో ప్రమాణాల మార్పిడి పాఠాన్ని ఒకసారి తెరిచి చూడండి. చాలావరకు అది ఒక పట్టికతోనే మొదలవుతుంది. 12 అంగుళాలు ఒక అడుగు, 3 అడుగులు ఒక గజం. లేదా 100 సెంటీమీటర్లు ఒక మీటరు. దాని కింద ఒక సూత్రం: పెద్ద ప్రమాణం నుంచి చిన్నదానికి గుణించాలి, చిన్నదాని నుంచి పెద్దదానికి భాగించాలి. ఆ తర్వాత లెక్కలు. ఈ వరస పిల్లల కోసం పుట్టింది కాదని నా అభిప్రాయం.

ఇది చాలా పాత వరస. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం మొదటి అధ్యాయంలోనే క్షేత్రం, కాలం, ధాన్యం, బంగారం కొలతలను పరిభాషగా చెప్పాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నిర్వచనాలు ముందు చెప్పడం శాస్త్రగ్రంథానికి తగిన పద్ధతే. దాన్ని చదివేవాడు అప్పటికే ధాన్యం కొలవడం, పొలం గట్టు నడవడం ఎరిగినవాడు. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ అనుభవం లేదు. తరువాతి కాలపు ఎక్కాల పుస్తకాలు పట్టికను నిలుపుకున్నాయి కాని, దాని వెనుక ఉన్న కొలపాత్రను పిల్లల చేతికి ఇవ్వలేదు.

ఆ పాత పట్టికల్లో ఒకటి మాత్రం నాకు ఇప్పటికీ నచ్చుతుంది. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. అన్నీ రెట్టింపులే. కుంచెడు బియ్యాన్ని మానికతో కొలిస్తే 4, సోలతో కొలిస్తే 16. బియ్యం పెరగలేదు, పాత్ర చిన్నదైంది, కాబట్టి లెక్క పెరిగింది. మార్పిడి అంటే ఇంతే. దీన్ని చేత్తో పోసి చూసిన పిల్లకు "ఎప్పుడు గుణించాలి" అన్న సూత్రంతో పని లేదు. (సోల దొరక్కపోతే టీ గ్లాసు, చెంబు చాలు.)

ఇప్పుడు ఇస్నాపూర్‌కు వద్దాం. ముంబై రహదారి మీద, పాశమైలారం పారిశ్రామికవాడ పక్కన పెరుగుతున్న పిల్లల చెవిన రోజూ పడే ప్రమాణం గజం. "నూటయాభై గజాల ప్లాటు" అంటారు. అక్కడ గజమంటే చదరపు గజం. "ఆరు గజాల చీర" అన్నప్పుడు అదే మాట పొడవును చెబుతుంది. మన వాడుక "చదరపు" అన్న మాటను మింగేస్తుంది. పాఠం ఆ సంగతే ఎత్తదు. 3 అడుగులు ఒక గజమని వల్లించిన పిల్ల 150 గజాల ప్లాటును 450 చదరపు అడుగులంటుంది. నిజానికి చదరపు గజానికి 9 చదరపు అడుగులు, ప్లాటు 1350. మూడింట రెండు వంతుల స్థలం లెక్కలోనే మాయమైంది. చదువు రాని తల్లిదండ్రులు కాగితాలు చదివించుకునేది ఈ పిల్లలతోనే అని మరవకండి.

గుంట సంగతి ఇంకా ఆసక్తికరం. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. గుంట అంటే 33 అడుగుల చతురస్రం, అంటే పక్కకు 11 గజాలు, మొత్తం 121 చదరపు గజాలు. క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు కదా, అందులో సగం ఒక భుజం! ఆంధ్ర ప్రాంతంలో ఎకరానికి 100 సెంట్లు, కాబట్టి మన గుంట రెండున్నర సెంట్లు. ఒడిశాలోనూ గుంఠ ఉంది, కాని అక్కడ ఎకరానికి 25. పాశమైలారం ఫ్యాక్టరీల్లో పనికొచ్చిన ఒడియా కుటుంబపు పిల్ల, మన పిల్ల ఒకే బెంచీ మీద కూర్చుని "గుంట" అంటే ఇద్దరూ వేర్వేరు నేలలు చెబుతున్నట్టే. తరగతికి ఇంతకన్నా మంచి ప్రశ్న ఏ పుస్తకం ఇవ్వగలదు?

1956 చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చాక ఇవన్నీ ఎందుకని మీరు అడగవచ్చు. బడిలో దశాంశ పద్ధతే ప్రధానంగా ఉండాలి, సందేహం లేదు. కాని దస్తావేజులో 200 చదరపు గజాల పక్కనే 167.2 చదరపు మీటర్లని రాస్తారు. నగల దుకాణంలో తులమంటే నేడు 10 గ్రాములు. పాత తులం సుమారు 11.66. నానమ్మ చెప్పిన ఐదు తులాలు పాత లెక్కయితే 58 గ్రాముల పైమాటే, కొత్త లెక్కయితే 50. చట్టం మారినా ఇంట్లో మాట మారలేదు. ఆ రెంటి మధ్య వంతెన వేయాల్సిన పాఠం, మీటరు నుంచి సెంటీమీటరుకు సున్నాలు చేర్చడంతో ఆగిపోతోంది.

మీలో బడిలో పాఠం చెబుతున్నవారు ఈ వారం ఒక పని చేయండి. ఆవరణలో 33 అడుగుల చతురస్రాన్ని సున్నంతో గీయించండి. గజం పొడవు తాడు ఇచ్చి, భుజానికి ఎన్నిసార్లు పట్టిందో లెక్కపెట్టనివ్వండి. తర్వాత లోపల గజం గజం గళ్లు గీయించి, ఒక గడిలో అడుగు చతురస్రాలు ఎన్ని పడతాయో అడగండి. మూడనే జవాబు వస్తే దిద్దకండి, అడుగు కొలతకు కత్తిరించిన అట్టముక్కలు ఇచ్చి పరిచి చూడమనండి.