వూస్టర్ వీధి బొగ్గు బట్టీ

దిబ్బరొట్టె తిన్నవాళ్లకు తెలుసు, రుచంతా అడుగునే ఉంటుందని. మూకుడు కిందా మూత పైనా నిప్పులు పెట్టి, తొందరపడకుండా కాల్చి తిరగేస్తే కనిపించే ఆ ఎర్రటి చెక్క కోసం చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలం వాటాలు వేసుకునేవాళ్లం. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో, వూస్టర్ వీధి పిజ్జా మొదటిసారి కొరికినప్పుడు నాకు ఆ చెక్కే గుర్తొచ్చింది. నా పక్కన కూర్చున్న మా తమ్ముడి కూతురు మాత్రం కంగారు పడింది. తను దగ్గర్లోనే వెస్ట్ హేవెన్‌లో ఎం.ఎస్. చదువుతోంది. ముక్క ఎత్తి అడుగు చూసి, "మాడిపోయింది పెదనాన్నా, మార్చి ఇమ్మందామా?" అని మెల్లగా అడిగింది.

అంచుల దగ్గర నల్లటి మచ్చలు, అడుగున మసి మరకలు ఉన్న మాట నిజమే. అలా కాలడం కోసమే ఆ బట్టీ కట్టారు.

ఫ్రాంక్ పెపే ఇటలీలో అమాల్ఫీ తీరాన ఉన్న మైయోరి ఊరివాడు. 1909లో, పదహారేళ్ల వయసులో అమెరికా వచ్చాడు. న్యూ హేవెన్‌లో వూస్టర్ స్క్వేర్ చుట్టూ అప్పటికే దక్షిణ ఇటలీ కుటుంబాలు స్థిరపడుతున్నాయి. తాళాలూ ఇనుప సామానూ తయారుచేసే సార్జెంట్ కర్మాగారంలో చాలామందికి పని దొరికేది. పెపే టొమాటో పూసిన రొట్టెలను తలమీద పెట్టుకుని బజారంతా తిరిగి అమ్మేవాడని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. 1925లో భార్య ఫిలొమేనాతో కలిసి వూస్టర్ వీధిలో సొంత పిజ్జా దుకాణం పెట్టాడు. 1938లో ఆయన మేనల్లుడు సాల్వతోరె కన్సీలియో అదే వీధిలో 'సాలీస్' తెరిచాడు. స్టేట్ స్ట్రీట్‌లోని 'మోడర్న్' 1934 నాటిది. మూడూ ఇప్పటికీ నడుస్తున్నాయి.

బోర్డుల మీద 'అపిజ్జా' అని రాసి ఉంటుంది. ఊళ్లోవాళ్ల నోట అది 'అబీట్స్'. నేపుల్స్ యాసలో పదం చివరి అచ్చు నీరుగారిపోతుంది, పరుషం సరళంగా పలుకుతుంది. ముందున్న 'అ' వాళ్ల భాషలో స్త్రీలింగ పదానికి పెట్టే చిన్న గుర్తు. మొజరెల్లా అదే దారిలో 'మూట్స్' అయింది. వందేళ్ల కిందట ఓడ దిగినవాళ్ల పలుకు మనవల నోళ్లలో అలా నిలిచిపోవడం నాకు చాలా ముచ్చటేసింది.

ఇక బట్టీ సంగతి. పెపే దుకాణంలో అది గోడంత వెడల్పున్న ఇటుకల కట్టడం. లోపల మండేది ఆంత్రసైట్, అంటే పొగ తక్కువగా, వేడి ఎక్కువగా ఇచ్చే గట్టి నేలబొగ్గు. కట్టె మండితే దానిలోని తేమ ఆవిరై బట్టీలో తిరుగుతుంది. ఈ బొగ్గులో తేమ బాగా తక్కువ, అందుకే వేడి పొడిగా ఉంటుంది. నేపుల్స్ పిజ్జా 485 డిగ్రీల దగ్గర ఒకటిన్నర నిమిషంలోపే కాలిపోయి మెత్తగా, మడత పెట్టేలా వస్తుంది. న్యూ హేవెన్ బట్టీ అంత వేడెక్కదు, 300 డిగ్రీలు దాటి ఉంటుంది, పిజ్జా లోపల కొన్ని నిమిషాలు ఎక్కువే ఉంటుంది. ఆ నిమిషాల్లోనే పిండిలోని నీరు పోయి అడుగు కరకరలాడుతుంది, కొరికితే లోపల సాగుతుంది. ఇంట్లో 250 డిగ్రీల ఓవెన్‌లో ఎంతసేపు ఉంచినా ఇది రాదు. రంగు వచ్చేలోపే పిండి బిస్కెట్‌లా ఎండిపోతుంది.

పిండిలో నీటి పాలు ఎక్కువ. కలిపాక చల్లటి చోట ఉంచి చాలాసేపు పులియనిస్తారు. పులిసేకొద్దీ పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది, ఆ చక్కెరే వేడికి ఎర్రబడి నల్లబడుతుంది. రాత్రి రుబ్బిన పిండి పొద్దున్నే పెనం మీద ఎర్రగా కాలడం చూసిన మన చేతులకు ఇదేమీ కొత్త కాదు.

నేను ఎక్కువసేపు చూసింది మాత్రం తెడ్డు పట్టుకున్న మనిషిని. బట్టీ చాలా లోతు, అందుకే పడవ తెడ్డు కన్నా పొడవైన కర్ర తెడ్లు వాడతారు. వెనక్కి లాగినప్పుడు కర్ర చివర వంటగది అవతల దాకా వస్తుంది, తోటివాళ్లు చూడకుండానే తప్పుకుంటారు. పిజ్జాను పళ్లెంలో పెట్టరు, నేరుగా ఇటుకల మీదికి జారుస్తారు. పచ్చి పిండి పడిన చోట ఇటుక చల్లబడుతుంది, తర్వాతి పిజ్జాను అక్కడే వేస్తే అడుగు తెల్లగా ఉండిపోతుంది. నిప్పుకు దగ్గరైతే మాడు, దూరమైతే పచ్చి. ఏ ఇటుక ఎంత వేడిగా ఉందో, ఏ పిజ్జాను ఎప్పుడు ఎటు జరపాలో ఆ మనిషి గుర్తుపెట్టుకోవాలి. ఒక్కోదాన్ని తెడ్డు అంచుతో కాస్త ఎత్తి, అడుగు చూసి, ఇంకోచోట దింపుతున్నాడు. నేను చూసినంతసేపూ ఆ చెయ్యి ఆగలేదు.

ఇక్కడ 'ప్లెయిన్' అంటే మొజరెల్లా లేని పిజ్జా. నలిపిన టొమాటో, ఆలివ్ నూనె, తురిమిన పెకొరినో రొమానో, అంతే. మూట్స్ కావాలంటే విడిగా అడగాలి. 1996లో డొమినోస్ మన దేశానికి వచ్చినప్పటి నుంచి పిజ్జా అంటే చీజ్ సాగాలనే అనుకుంటున్నాం మనం. పల్చటి పిండి మీద మొజరెల్లా నీరూ కొవ్వూ వదిలితే, బట్టీ పడిన కష్టం సగం పోతుంది. నా మట్టుకు ఈ ఊరి పనితనం తెలియాలంటే ముందు ప్లెయినే తినాలి. శాకాహారులు ఒకటి గమనించాలి: పెకొరినో రొమానో గొర్రెపాలతో చేసేది, ఆ పాలను విరగ్గొట్టే రెన్నెట్ గొర్రెపిల్ల కడుపులోంచి తీస్తారు. అది వద్దని చెప్పి టొమాటోతోనే తిన్నా రుచికి లోటు ఉండదు.

పెపే దుకాణానికి పేరు తెచ్చిన తెల్ల పిజ్జా 1960ల నాటిది. అంతకుముందు అక్కడ సముద్రపు గుల్లలను పగలగొట్టి, పచ్చివే చిప్పలో పెట్టి ఇచ్చేవారు. ఆ మాంసమే తర్వాత వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, పెకొరినోలతో పిండి మీదికెక్కింది. టొమాటో ఉండదు, మొజరెల్లా ఉండదు. గుల్ల అంటే మనకు సున్నమే గుర్తొస్తుంది కాబట్టి నేనూ కాస్త సందేహిస్తూనే తిన్నాను. నోట్లో పెట్టుకోగానే ముందు ఉప్పుగాలి, వెనకే వెల్లుల్లి ఘాటు.

1960ల్లో ఐ-91 హైవే ఈ పేటను చీల్చుకుంటూ పోయింది. ఇళ్లు కూలాయి, కుటుంబాలు చెదిరాయి. బట్టీలు మాత్రం మిగిలాయి, చెదిరినవాళ్లు వాటి కోసం తిరిగి వస్తూనే ఉన్నారు. పెపే కుటుంబం 2006 నుంచి వేరే ఊళ్లలోనూ దుకాణాలు తెరిచింది, అక్కడా బొగ్గు బట్టీలే కట్టించింది. అయినా నేను వూస్టర్ వీధి వరసలోనే నిలబడతాను. దశాబ్దాలుగా కాలుతూ వచ్చిన ఇటుకలు ఇక్కడివే కదా.

కాగితం పరిచిన రేకు పళ్లెంలో, వంకర ముక్కలుగా కోసి తెస్తారు. పక్కనే ఈస్ట్ హేవెన్‌లో 1922 నుంచి తయారవుతున్న ఫాక్సన్ పార్క్ సోడా తీసుకోండి, వైట్ బర్చ్ అడగండి. వచ్చిన పిజ్జాను వెంటనే తినాలి. అట్టపెట్టెలో పెడితే దాని ఆవిరే దాన్ని మెత్తబరుస్తుంది.

మాకు నాలుగు ముక్కలు మిగిలాయి, పెట్టెలో పెట్టించుకుని అమ్మాయి గదికి తీసుకెళ్లాం. మర్నాటికి అవి వాడిపోయిన అట్టల్లా వేలాడాయి. అమ్మాయి మైక్రోవేవ్ తలుపు తీయబోతే ఆపాను. ఇంటి నుంచి తెచ్చుకున్న ఇనప దోసె పెనం పొయ్యి మీద పెట్టించి, నూనె చుక్క వేయకుండా, సన్నటి సెగ మీద ముక్కల్ని పరిచాం. రెండు నిమిషాలకు అట్లకాడతో అంచు మీద తడితే టక్కుమంది. అమ్మాయి ఒక ముక్క ఎత్తి, అడుగు చూసి, "ఇంకొంచెం ఉంచుదాం పెదనాన్నా" అని మళ్లీ పెనం మీద పెట్టింది.