సంబోధనమే గ్రామబంధము: 'వాటర్‌లిలీ' విమర్శనము

అద్భుతకథలయందు మైదానపుఁ బల్లెను గల్పించువారు పలువురు గుడారమును, ఈఁకల కిరీటమును, గుఱ్ఱపుమందను వర్ణించి, యంతటితో నా జనుల జీవనమును జూపితిమని తలంతురు. అవి బాహ్యాలంకారములు, పల్లెను బల్లెగా నిలుపు బంధము వేఱు. దాని నెఱుఁగఁ గోరువారికి డకోటాజాతి విదుషి ఎల్లా డెలోరియా (1889–1971) రచించిన 'వాటర్‌లిలీ' యను నవల పరీక్షింపఁదగినది. ఆమె మానవశాస్త్రవేత్తయగు బోయాసుతోఁ గూడి 1941లో డకోటాభాషకు వ్యాకరణమును బ్రకటించెను. ఆ దశకముననే రచితమైన యీ నవల, యామె మరణించిన 17 ఏండ్లకు, 1988లో ముద్రితమైనది.

ఉత్తరామెరికా మహామైదానమున 19వ శతాబ్దియందు గుడారములను వలయముగాఁ బన్ని వసించిన డకోటావారి కథ యిది. నాయిక బంధువుల గౌరవమునకై తా నెఱుఁగని యువకునిఁ బెండ్లాడును. మశూచికమున నతఁడు మడియఁగాఁ దనవారిని జేరి, మరల గృహిణి యగును. ఇతివృత్త మింతియే. రచనకుఁ బ్రాణము పిలుపునందుఁ గలదు.

సంబోధనమన నభిముఖీకరణమని వైయాకరణులు వక్కాణింతురు. పాణిని దానికిఁ బ్రథమావిభక్తినే విధించెను. డకోటావారియం దీ యభిముఖీకరణము వ్యాకరణవిషయము మాత్రమే కాదు, ధర్మము. బంధువును బేరిడి పిలుచుట మర్యాద గాదు, వావిచేతనే పిలువవలెను, పిలిచిన వావిని బట్టి నడవడియు నియతమగును. అన్నను బురుషుఁడు 'చియే' యనును, స్త్రీ 'తిబ్లో' యనును. తండ్రియుఁ దండ్రిసోదరులును 'అతే'. తల్లియుఁ దల్లితోఁబుట్టువులును 'ఇనా'. తెలుఁగువారి పెదతండ్రి, పినతల్లి శబ్దములయందు నీ న్యాయమే కలదు. 1871లో మోర్గను పండితుఁడు ద్రావిడజనుల వావులను అమెరికాలోని యాదిమజాతుల వావులతోఁ బోల్చుట కిట్టి సామ్యమే యాధారము. అయినను సామ్యము మితము: తెలుఁగునాటఁ బెక్కు కులములందు మేనఱికము సమ్మతము, డకోటావారికి బంధువివాహము నిషిద్ధము.

ఇది యాచారసంగ్రహమే కాని కావ్యము గాదని పూర్వపక్షము. అందుఁ గొంత నిజము కలదు. విందులను, వ్రతములను, దానములను వివరించుచోట కథ పలుమాఱు నిలిచిపోవును. పాత్రలు చదువరికి బోధించుటకై మాటలాడును. ఈ దోషమును గప్పిపుచ్చరాదు. అయినను వావి నిలుపుటకై యెవ్వ రేమి కోల్పోవుదురో చూపుచోట శాస్త్రమే రసమగుచున్నది. నాయిక వివాహమున విధేయత ధర్మమే. సుఖము మాత్రము గాదు. రచయిత్రి యీ రెంటి నొకటిగాఁ జేయకుండుటయే యామె కవిత్వము.

1944లోఁ బ్రకటించిన 'స్పీకింగ్ ఆఫ్ ఇండియన్స్' అను గ్రంథమున నామె యొక హంతకుని కథఁ జెప్పినది. మృతుని బంధువు లతనిఁ జంపక, మృతుని స్థానమునఁ దమవానిగాఁ గైకొనిరి. పిలుపు మాఱినంతనే పగ యుడిగినది.

కావునఁ గల్పితలోకమునఁ బల్లె నిర్మింపఁబూనువారు మొదటఁ దేల్చుకొనవలసినది గుడారపుటాకృతి గాదు. అందెవ్వ రెవ్వరి నేమని పిలుతురు, ఆ పిలుపువలన నెవ్వ రెవ్వరికి ఋణపడుదురు అనునదియే. అది తెలియని రచనయం దీఁకలు వేషము మాత్రమే.