కొత్తగా మిగిలిన ఎడమ బూటు

పోయిన ఆదివారం పొద్దున్నే మా గల్లీలో బ్యాండు మోగింది. పెళ్లనుకుని బయటికొచ్చాను. చూస్తే పక్క ఖోలీ పిల్లవాడు కప్పు పట్టుకుని నిలబడ్డాడు. ఈ ఏడే కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో చేరాడు. సీజన్ మొత్తంలో వాళ్లు ఒక్క మ్యాచీ ఓడలేదట. వాళ్లమ్మ దిష్టి తీసింది. వాడు నా కాళ్లకు మొక్కబోతే లేవనెత్తుతూ బూట్లు చూశాను. కుడిదాని ముందు తోలు లేచిపోతే దారంతో కుట్టుకున్నాడు. ఎడమది ఇప్పుడే కొట్లోంచి తెచ్చినట్టుంది.

"ఎడమకాలితో కొట్టవా బిడ్డా?" అన్నాను.

"అది నిలబడటానికే తాతా!"

వాడు గెలిచినందుకు ఎంత సంతోషపడ్డానో, ఆ ఎడమ బూటు వారమంతా నన్నంత వేధించింది.

ఈ శీర్షిక చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు. బొంబాయిలోని మా కామాఠీపుర అనగానే జనం ఒక్కటే తలుస్తారు. నిజాం ఇలాకా నుంచి వచ్చి ఈ ఊరి రాళ్లు మోసి గోడలు లేపిన కామాఠీల పేరది అని మళ్లీ మళ్లీ రాస్తాను. ఫుట్‌బాల్ సంగతీ అంతే. 1891లో మొదలైన రోవర్స్ కప్పును 1937 దాకా దేశీయ జట్టేదీ గెలవలేదు. అదే కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా 5 ఏళ్లు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఎత్తుకుపోయింది. అదీ ఈ బొంబాయిలోనే, కూపరేజ్ మైదానం నుంచి.

మా నాయిన మిల్లులో ఒక పాళీ కూలి పోగొట్టుకుని మరీ వెళ్లేవాడు. "ఊళ్లె నిజాం పోలీసంటే తలుపులేసుకునేటోళ్లం. ఈడ అదే పోలీసోళ్ల కోసం గొంతు పోయేదాక ఒర్రినం" అని చెప్పేవాడు. 1950 నాటికి హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసి రెండేళ్లే. ఆయన మాకు బంతి కూడా చేసిచ్చాడు. మిల్లు వేస్టు నూలును బిగించి చుట్టి, పైన గోనెగుడ్డ కుట్టేవాడు. వానకు నానితే అది బండరాయే, వేళ్లు వాచిపోయేవి. అమ్మ తిట్టుకుంటూనే పొయ్యి పక్కన పెట్టి ఆరబెట్టేది.

ఆ పోలీసు జట్టుకు ఆట నేర్పింది సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక ఆ పేరు మా గల్లీ పిల్లలకూ తెలిసింది. ఆయన బడిపంతులుగా పనిచేశారు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టుకు ఆడారు. సిటీ కాలేజీ విద్యార్థులు, పాత విద్యార్థులు కలిసిన ఎలెవన్ హంటర్స్ జట్టులోనూ ఆడారు. ఆయన చేతికింద మన దేశం 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 4వ స్థానంలో నిలిచింది. 1963లో క్యాన్సర్‌తో పోయారు.

ఆ పతకాలకన్నా నాకు ఆయన పెట్టిన చిన్న పోటీలే ఎక్కువ ఇష్టం. ఒక పోటీలో వాటంలేని కాలితోనే ఆడాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ కుదరదు. ఎడమవైపు వచ్చిన బంతిని కుడికాలి మీదికి మార్చుకునే లోపే ఎదుటి డిఫెండర్ మీద పడతాడు. రెండు కాళ్లకూ పని తెలిస్తే ఆ క్షణం మనకు దక్కుతుంది. డ్రిబ్లింగ్ లేదంటే, బంతి కాలికి తగలకముందే ఎవరికివ్వాలో చూసిపెట్టుకోవాలి. నాయినకు ఇది వెంటనే అర్థమైంది, ఆయన మగ్గం గుంటలో పెరిగినవాడు. "గుంటల రెండు కాళ్లూ ఆడాలె. ఒక్క కాలితోటి బట్ట పడదు" అనేవాడు.

నిజానికి ఈ వారం మైదానం గురించి రాద్దామని కూర్చున్నాను. కామాఠీపురను కూల్చి కొత్తగా కట్టేటప్పుడు పిల్లలకు ఆటస్థలం వదలాలని ఇదివరకు మూడుసార్లు రాశాను. ఆ కోరిక అట్లాగే ఉంది. కానీ మైదానం వచ్చేదాకా ఆగుదామన్న నా మాటను ఈ వారం వెనక్కి తీసుకుంటున్నాను. వాటంలేని కాలితో ఆడటానికి మైదానమెందుకు? ఒక నియమం, ఒక బంతి ఉంటే చాలు. మా గల్లీలో రెండు చేతిబండ్లు పక్కపక్కన పడతాయి, అంత వెడల్పు సరిపోతుంది. ఇంకో సంగతి. ఈ ఏడు ఓడి ఉంటే పిల్లవాడి ఎడమకాలిని ఎవరో ఒకరు పట్టించుకునేవాళ్లు. గెలిచారు కాబట్టి ఎవరూ చూడలేదు.

వాడితో మాట్లాడాను. సుద్దముక్కతో గీతలు తానే గీస్తానన్నాడు.

వచ్చే ఆదివారం పొద్దున 7 గంటలకు మా గల్లీలో ఆట. కుడివాటం వాళ్లు ఎడమకాలితో, ఎడమవాటం వాళ్లు కుడికాలితో ఆడాలి. వాటమున్న కాలితో కొట్టిన గోలు లెక్కకు రాదు. వర్లీ, ప్రభాదేవి చాళ్లలోని మనవాళ్లు కూడా పిల్లల్ని పంపండి. ఆడపిల్లల్నీ పంపండి. బంతి నేను తెస్తాను.