ఆశ్వాసాంతం నుంచి అధ్యాయాంతం వరకు: అంతర్జాల రచయిత జీవిక – రచనారూపం

వ్యాససంగ్రహం:
అంతర్జాల వేదికలలో ధారావాహికలు రాస్తూ ఎంతో కొంత ఆదాయం పొందుతున్న స్వతంత్ర రచయితలు తెలుగులో ఒక వర్గంగా ఏర్పడ్డారు. వారి రచనలను విమర్శ సాధారణంగా కాలక్షేప సాహిత్యంగా పక్కన పెడుతోంది. రచనకు ప్రతిఫలం ఎవరు ఇస్తారు, ఏ కొలతతో ఇస్తారు అన్న విషయం రచన అంచులలో నమోదవుతుందనీ, ఆ అంచులను వదిలివేసి ఈ సాహిత్యాన్ని అంచనా వేయలేమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకోసం ప్రబంధంలోని ఆశ్వాసాంతాన్నీ, వారపత్రిక సీరియల్ భాగాన్నీ, వేదికలోని అధ్యాయాంతాన్నీ పోల్చి పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అంతర్జాల సాహిత్యం, ధారావాహిక, కృతిపతి, పారితోషికం, స్వతంత్ర రచయిత, కాపీరైటు.

1. ఉపోద్ఘాతం:
2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. తెలుగు పత్రికారంగంపై దాని దెబ్బ వెంటనే కనిపించింది. ఒకప్పుడు సీరియల్ నవలకు ప్రధాన కేంద్రాలలో ఒకటైన ఆంధ్రభూమి ముద్రణ ఆగిపోయింది. కథకు పారితోషికం ఇచ్చే అచ్చు పుటలు అంతకు ముందే తగ్గుతూ వచ్చాయి. ఆ సంవత్సరం మరింత కుదించుకుపోయాయి. రచననే ఆదాయమార్గంగా చేసుకోదలచినవారికి ఫోన్ తెరపై చదివించే వేదికలు మిగిలాయి. ఈ మార్పును ప్రచురణ మాధ్యమంలోని మార్పుగా వర్ణించడం సులభం. కానీ మాధ్యమంతో పాటు పోషణ స్వభావమూ మారింది. పోషణ మారినప్పుడు రచనారూపం మారకుండా ఉండదని తెలుగు సాహిత్యచరిత్రే చెబుతుంది.

2. ఆశ్వాసాంతంలో కృతిపతి:
పోషకుడికీ రచనకూ ఉన్న సంబంధాన్ని ప్రబంధం దాచుకోలేదు. అవతారికలో కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు ఉంటాయి. ప్రతి ఆశ్వాసం మొదటా చివరా అతణ్ని సంబోధించే పద్యాలు ఉంటాయి. చివరి గద్యలో కవి తన పేరు, తండ్రి పేరు చెప్పుకుంటాడు. అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ఆరు ఆశ్వాసాల అంచులలోనూ శ్రీకృష్ణదేవరాయలు వినిపిస్తాడు. ప్రవరుడి కథకూ ఈ సంబోధనలకూ కథాపరమైన సంబంధం లేదు. అయినా అవి కావ్యంలో భాగమే. కావ్యం ఎవరి ఆశ్రయంలో, ఏ మర్యాదలో పుట్టిందో అవే చెబుతాయి.

ఈ సంప్రదాయానికి ఎదురుగా నిలిచే ఆదర్శం పోతన. భాగవతాన్ని నరుడికి అంకితమివ్వని కవిగా, హలం పట్టి బతికిన కవిగా తెలుగు సమాజం ఆయనను గౌరవించింది. ఈ కథనంలో ఎంత చరిత్ర, ఎంత ఐతిహ్యం అన్న చర్చ అలా ఉంచితే, దానిలోని ఆర్థికసూత్రం గమనించదగినది: కవి స్వాతంత్ర్యానికి ఆధారం పొలం. కవిత్వం అన్నం పెట్టనవసరం లేనప్పుడే ఆ నిరాకరణ సాధ్యమవుతుంది.

3. వారపత్రిక కొలత:
20వ శతాబ్ది ఉత్తరార్ధంలో వారపత్రిక సీరియల్ రచయితకు మరో రకమైన పోషణను సమకూర్చింది. ఇక్కడ డబ్బు ఇచ్చేది యాజమాన్యం, ఎంపిక చేసేది సంపాదకుడు, కొలత వారానికి ఇన్ని పుటలు. ఆ కొలత కథలోకి ప్రవేశించింది. ఆంధ్రభూమి వారపత్రికలో వెలువడిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసీదళం’ వంటి నవలల్లో ఉత్కంఠ పాత్రల స్థితి నుంచి మాత్రమే పుట్టదు. పాఠకుడు వచ్చే వారం పత్రిక కొనాలన్న అవసరం నుంచీ పుడుతుంది. ‘ఇంకా ఉంది’ అన్న రెండు మాటలు ఆ కాలపు ఆశ్వాసాంతం.

అయితే పుస్తకంగా వచ్చినప్పుడు ఈ అంచులు చెరిగిపోతాయి. ఏ వారం ఎక్కడ ఆగింది, ఏ ప్రకటన పక్కన ఆగింది, పాఠకుల ఉత్తరాలు ఏమన్నాయి అన్నవి పుస్తకంలో ఉండవు. పరిశోధకుల చేతికి ఎక్కువగా చిక్కేది పుస్తకమే కాబట్టి, వారపత్రిక నవలపై జరిగిన పరిశీలనలో వస్తువుకూ పాత్రలకూ దక్కిన చోటు రచనాపరిస్థితికి దక్కలేదు.

4. వేదిక: లెక్కించే పోషణ:
అంతర్జాలంలో తెలుగు రచన చాలాకాలం ఆదాయం లేకుండానే సాగింది. బ్లాగులు విరివిగా వెలువడిన రోజుల్లో వాటిపై ప్రకటనల రాబడికి తెలుగు భాష అడ్డంకిగా ఉండేది. గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగును అధికారికంగా చేర్చుకున్నది 2018లో. అమెజాన్ కిండిల్ 2016 చివర హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఈ-పుస్తకాలను ప్రవేశపెట్టినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. సొంతంగా ఈ-పుస్తకం వేసుకుని అమ్ముకునే దారి తమిళ రచయితకు తెరుచుకున్నంత సులభంగా తెలుగు రచయితకు తెరుచుకోలేదు. తెలుగువారి సొంత ప్రయత్నమైన కినిగె వంటివి ఆ ఖాళీని కొంత పూరించాయి.

2014లో బెంగళూరు కేంద్రంగా మొదలైన ప్రతిలిపి వంటి బహుభాషా వేదికలు ఈ నేపథ్యంలో విస్తరించాయి. ఇక్కడ రచన ప్రమాణం పుస్తకం కాదు, అధ్యాయం. చందా కట్టిన పాఠకుడికి తర్వాతి భాగం ముందుగా తెరుచుకుంటుంది. తక్కినవారు వేచి ఉండాలి, లేదా నాణేలు వెచ్చించాలి. నచ్చిన రచయితకు పాఠకుడు స్టిక్కరు రూపంలో కానుక ఇవ్వవచ్చు. సంపాదకుడి తిరస్కారం లేదు. ఎవరి సిఫారసూ అక్కరలేదు. చిన్న ఊళ్లో ఉండి, ఇంటిపని నడుమ రాసుకునే స్త్రీకి ఈ ప్రవేశసౌలభ్యం చిన్న విషయం కాదు.

కానీ తిరస్కారం లేనంత మాత్రాన అధీనత లేకుండా పోదు. అధ్యాయం ఆలస్యమైతే పాఠకులు జారిపోతారు. కథ ముగిస్తే ఆ కథ తెచ్చే రాబడి తగ్గుతుంది. అందువల్ల కథ పొడవు వస్తువును బట్టి కాక ఆదరణను బట్టి నిర్ణయమవుతుంది. అపార్థంతో విడిపోయిన దంపతులు నలభయ్యో అధ్యాయంలో కలుసుకోవలసి ఉండగా మరో అపార్థం పుట్టుకొస్తుంది. దీనిని కేవలం రచయిత శిల్పలోపంగా చూడడం అసమగ్రం. వారానికి పుటలు లెక్కించిన పోషణ స్థానంలో రోజుకు చదువరులను లెక్కించే పోషణ వచ్చిందనడానికి అది సాక్ష్యం.

ఈ సాక్ష్యం మరింత స్పష్టంగా కనిపించేది అధ్యాయం అడుగున. అక్కడ రచయిత కథ ఆపి పాఠకులతో నేరుగా మాట్లాడుతుంది: సమీక్ష రాయమని అడుగుతుంది, తనను అనుసరించమని కోరుతుంది, జ్వరం వల్లనో పిల్లల పరీక్షల వల్లనో భాగం ఆలస్యమైనందుకు మన్నించమంటుంది. ప్రబంధంలోని ఆశ్వాసాంత సంబోధనకు ఇది సమకాలీన రూపం. తేడా ఒక్కటే. పెద్దనకు కృతిపతి ఎవరో తెలుసు. అతని ఔదార్యాన్ని పేరు పెట్టి పొగడవచ్చు. వేదిక రచయితకు పోషకులు వేలల్లో ఉండవచ్చు, వారిలో ఏ ఒక్కరూ ఆమెకు బాధ్యులు కారు. రచనను ఎవరి ముందుకు తేవాలో నిర్ణయించే లెక్క ఆమెకు కనిపించదు. కనిపించని దాతను సంబోధించడం కుదరదు కాబట్టి పాఠకులను బతిమాలుతుంది.

5. గౌరవం ఒకచోట, రాబడి ఇంకొకచోట:
తెలుగు అంతర్జాల సాహిత్యంలో మరో పాయ ఉంది. 1998లో మొదలైన ‘ఈమాట’ వంటి జాలపత్రికలు స్వచ్ఛంద సేవతో నడుస్తూ ఉన్నత ప్రమాణాలను పాటించాయి. పరిశోధనావ్యాసాల్లో ఉటంకింపు పొందేది ఈ పాయే. ఇక్కడ సంపాదకుడికీ రచయితకూ జీవిక మరోచోట ఉంటుంది. ఒక రకంగా ఇది పోతన ఆదర్శానికి కొనసాగింపు. హలం స్థానంలో నెలజీతం వచ్చింది. ఆ జీతం లేనివారి రచన రెండో పాయలో, గుర్తింపుకు దూరంగా సాగుతోంది. సాహిత్య విలువను ఈ విభజనతో సరిపెట్టుకుంటే, రచన విలువకు బదులు రచయిత ఆర్థిక భద్రతను కొలిచినట్లవుతుంది.

ఇటువంటి పొరపాటు గతంలో జరిగింది. 1960, 70 దశకాలలో వారపత్రికలను నిలబెట్టిన రచయిత్రుల నవలలు విస్తృతంగా చదివించబడినా, చాలాకాలం గంభీర విమర్శకు అర్హం కానివిగానే పరిగణించబడ్డాయి. స్త్రీవాద విమర్శ వచ్చాకే వాటి పునర్మూల్యాంకనం మొదలైంది. అప్పుడు కనీసం అచ్చు ప్రతులు మిగిలి ఉన్నాయి. ఇప్పుడు ఆ భరోసా లేదు. ఖాతా మూసినా, వేదిక మూతపడినా ధారావాహిక, దాని అంచులు, వేల పాఠకస్పందనలు ఒకేసారి మాయమవుతాయి.

6. హక్కుల ప్రశ్న:
కాపీరైటు చట్టం, 1957లోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా ఉండాలి. బదిలీ పత్రంలో కాలం పేర్కొనకపోతే అది ఐదేళ్లుగా పరిగణించబడుతుంది. ఆడియో కథలుగా, వెబ్ సిరీస్‌లుగా రచన మారుతున్న కాలంలో ఈ నియమం తెలియడం రచయితకు అవసరం. సామాజిక భద్రతా స్మృతి, 2020 ప్లాట్‌ఫాం కార్మికులను నిర్వచించింది. దాని ఏడవ షెడ్యూలులోని సేవల జాబితాలో రవాణా, ఆహార సరఫరాలతో పాటు కంటెంట్, మీడియా సేవలు కూడా ఉన్నాయి. ధారావాహిక రచయిత ఈ నిర్వచనంలోకి వస్తుందా అన్నది సాహిత్యరంగం చర్చించవలసిన ప్రశ్న. రచయితను సృజనకారిణిగా మాత్రమే చూసే అలవాటు ఆమె శ్రమను చర్చకు దూరంగా ఉంచుతోంది.

7. ముగింపు:
‘స్వతంత్ర రచయిత’ అన్న మాటలోని స్వతంత్రత అనిశ్చితకాలంలో రెండు అర్థాలు పొందింది: సంపాదకుడి అనుమతి అక్కరలేకపోవడం, నష్టం వస్తే పంచుకునేవారు లేకపోవడం. మొదటి అర్థాన్ని మాత్రమే తీసుకుంటే వేదికలను కీర్తించడం, రెండవదాన్ని మాత్రమే తీసుకుంటే రచనను తీసివేయడం జరుగుతుంది. రెంటినీ కలిపి చదవడానికి అధ్యాయాంతాలు ఆధారం. కనుక అంతర్జాల ధారావాహికలపై పరిశోధన చేసేవారు, రచయితల అనుమతితో, అధ్యాయాలను తేదీలతోనూ అంచులలోని మాటలతోనూ భద్రపరచడం మొదటి పనిగా చేపట్టాలి. మనుచరిత్ర నుంచి ఆశ్వాసాంత పద్యాలను తొలగించి ముద్రించడాన్ని ఏ పరిష్కర్తా అంగీకరించడు. వేదిక రచయిత చివరి నాలుగు వాక్యాలకూ అదే న్యాయం వర్తించాలి.